ఆ కంట్రోల్ శాంపిల్ నాదే, ఇప్పుడేం చేయాలి?

పేరు వేయవద్దని కోరుతూ హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

ఆమెకు 31 ఏళ్లు. గోదావరి జిల్లాలో ఒక మండల కేంద్రం సొంతూరు, నాన్నగారు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మగారికి 43 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాక కోలుకుని ఇప్పటికీ బాగానే ఉన్నారు. కానీ అమ్మగారి చెల్లెలు 50 నిండకుండానే అండాశయ క్యాన్సర్‌తో పోయారు. ఇంటర్ చదువుతున్నప్పుడే ఈ జబ్బు గుట్టు తేల్చాలని అనుకున్నానని ఆమె రాశారు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని, నగరంలోని ఒక పరిశోధన సంస్థలో, చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల మార్పులపై పీహెచ్‌డీ పూర్తి చేశారు.

పీహెచ్‌డీ మధ్యలో కంట్రోల్ శాంపిళ్లు, అంటే జబ్బు లేనివారి రక్త నమూనాలు, చాలకపోతే ల్యాబ్‌లోని విద్యార్థులంతా తలా ఒక ట్యూబు రక్తం ఇచ్చారు. ఆమె కూడా ఇచ్చారు. పేర్లుండవు, కోడ్ నంబర్లే. ‘నా నంబరు నాకు గుర్తుంది. చూడకూడదనుకున్నాను. చూశాను’ అని రాశారు. ఆ నంబరు పక్కన బీఆర్‌సీఏ2 జన్యువులో ఒక మార్పు ఉంది. హానికరమో కాదో ఇంకా తేలని రకం, ల్యాబుల్లో వీయూఎస్ అంటారు. రెండేళ్లయింది. ఇంట్లో చెప్పలేదు, గైడ్‌కూ చెప్పలేదు.

ఇప్పుడు ఆమె ముందు మూడు దారులున్నాయి. బోస్టన్‌లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, వచ్చింది. హైదరాబాద్‌లోనే ఒక జన్యు పరీక్షల కంపెనీ మంచి జీతంతో రమ్మంటోంది. ఇంట్లో మేనమామ కొడుకుతో పెళ్లి ఖాయం చేయాలని చూస్తున్నారు. మామయ్యకు ఈ మధ్యే ప్రొస్టేట్ ఆపరేషన్ అయిందని, ఆయన ఆరోగ్యంగా ఉండగానే ముహూర్తం పెట్టాలని అమ్మగారి పట్టుదల. యల్లాప్రగడ సుబ్బారావుగారంతటి పేరు తెచ్చుకోవలసిన పిల్ల కంపెనీలో రిపోర్టులు రాయడమేమిటని నాన్నగారి బాధ. ఇప్పుడు పెళ్లంటే సైన్స్ వదులుకున్నట్టేనని గైడ్ మాట. అన్నయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. ‘నాకీ సబ్జెక్టు మీద ఉన్నది ఇష్టమో భయమో కూడా తెలియడం లేదు. ఏ దారి పట్టాలి?’ ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి పేజీలున్నాయి, కోడ్ నంబరు గురించి ఒక్క పేరా ఉంది. నేను ఆ పేరా నుంచే మొదలుపెడతాను. బోస్టనా, కంపెనీయా, పెళ్లా అన్న మూడు ప్రశ్నల్లోనూ ఆ నంబరు కూర్చుని ఉంది. నేను వైద్యురాలిని కాను. జన్యుశాస్త్రం చదివి, చాలాకాలం పాఠాలు చెప్పినదాన్ని. వైద్యం విషయంలో నా మాట దగ్గరే ఆగవద్దు.

మీరు చూసినది రిపోర్టు కాదు. ఇది మీకు తెలుసు, అయినా మరొకరు చెప్పాలి. పరిశోధన ల్యాబ్‌లో ట్యూబులు తారుమారవుతాయి, లేబుళ్లు తప్పుతాయి. అక్కడి ఫలితం మీద ఏ డాక్టరూ నిర్ణయం తీసుకోరు, తీసుకోకూడదు. గుర్తింపు పొందిన ల్యాబ్‌లో, కొత్తగా తీసిన రక్తంతో, ముందూ వెనకా జెనెటిక్ కౌన్సెలర్‌తో, అంటే జన్యు పరీక్షల అర్థం విడమరిచి చెప్పే నిపుణులతో, మాట్లాడి చేయించుకున్నదే పరీక్ష. రెండేళ్లుగా మీ ఒక్కరిలోనే రోగి, డాక్టరు, కౌన్సెలర్ ముగ్గురూ ఉన్నారు. అందులో రోగి పాత్ర ఒక్కటే మీది. నగరంలో క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ, దాని ఆసుపత్రి ఉన్నాయి. పరిచయస్తులు ఎదురవుతారని జంకుగా ఉంటే చెన్నైకో బెంగళూరుకో వెళ్లండి, తప్పు లేదు.

ఇక ఆ మార్పు. ఇలా అర్థం తేలకుండా మిగిలిన మార్పుల్లో, తర్వాత ఎటో ఒకవైపు తేలినవాటిని చూస్తే అత్యధిక భాగం హాని లేనివిగానే తేలాయి. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం మన రక్తం కాదు, ప్రపంచంలోని జన్యు సమాచార నిధులు చాలావరకు యూరప్ మూలాలవారి నుంచి పోగైనవి కావడం. ఇక్కడ పదిమందిలో మామూలుగా కనిపించే మార్పు కూడా ఆ నిధుల్లో లేకపోతే వింతగా తోస్తుంది. సీఎస్‌ఐఆర్ ఇండిజెన్ కింద వెయ్యికి పైగా, జీనోమ్ ఇండియా కింద దాదాపు 10 వేల మంది భారతీయుల జన్యుపటాలు చదివిన తర్వాత ఈ పరిస్థితి కొంత మారుతోంది. ప్రయోగశాలలోనూ పని వేగం అందుకుంది. 2018లో సియాటిల్ బృందం బీఆర్‌సీఏ1లోని దాదాపు 4 వేల మార్పులను ఒక్కొక్కటిగా కణాల్లో ప్రవేశపెట్టి, ఏది జన్యువు పనిని చెడగొడుతుందో చూసింది. 2025 జనవరిలో బీఆర్‌సీఏ2లోని కీలక భాగానికి సంబంధించి దాదాపు 7 వేల మార్పుల ఫలితాలు వెలువడ్డాయి. మీ మార్పు ఆ భాగంలోనే ఉంటే జవాబు ఈపాటికే అచ్చయి ఉండవచ్చు. మీరు ఆ పట్టిక తెరిచారో లేదో ఉత్తరంలో రాయలేదు. తెరవకపోయి ఉంటే ఒంటరిగా తెరవవద్దు. కౌన్సెలర్ ఎదుట తెరవండి.

అయితే వీయూఎస్ కాబట్టి ఫర్వాలేదని కూడా నేననను. ఆ మార్పు ఏమీ కాకపోయినా మీ కుటుంబ చరిత్ర ఎక్కడికీ పోదు. 43 ఏళ్లకు అమ్మకు, 50 లోపు పిన్నికి. ఏ డాక్టరైనా మీ రొమ్ము పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో ఈ రెండు వయసులను చూసే చెబుతారు. సాధారణంగా కుటుంబంలో అతి చిన్న వయసులో జబ్బు బయటపడిన మనిషి కంటే పదేళ్లు ముందు నుంచి. అంటే మీకు ఆ సమయం దగ్గరపడింది. దీనికి జన్యు పరీక్షతో పని లేదు. కేవలం వీయూఎస్ చూసి అవయవాలు తీయించుకోవడం మాత్రం ఏ మార్గదర్శక సూత్రాల్లోనూ లేదు. అలాంటి ఆలోచన రాత్రిళ్లు వస్తూ ఉంటే పక్కన పెట్టండి.

నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మొదట పరీక్ష చేయవలసినది మిమ్మల్ని కాదు, మీ అమ్మగారిని. జబ్బు వచ్చిన మనిషి నుంచి మొదలుపెట్టాలన్నది మీ రంగంలో తొలి పాఠం, మీరు ఎన్నో కుటుంబాలకు వర్తింపజేసి ఉంటారు. ఆమె రక్తంలో స్పష్టంగా హానికరమైన మార్పు వేరొకటి దొరికితే, మీలో చూడవలసినది అదే. మీకు అది లేకపోతే రెండేళ్ల భయంలో చాలా భాగం ఒక్క రోజులో తీరిపోతుంది. మీలో ఉన్న వీయూఎస్ ఆమెలో అసలు లేకపోతే అది నాన్నగారి వైపు నుంచి వచ్చి ఉంటుంది, అప్పుడు అమ్మ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. అదే మార్పు ఆమెలోనూ ఉండి, మరే తేడా కనిపించకపోతే సందేహం మిగులుతుంది, కానీ అప్పుడు దాన్ని కుటుంబంలో మరికొందరిలో వెతికి తేల్చే మార్గం తెరుచుకుంటుంది. ఈ మూడింటిలో ఏదైనా ఇప్పటి స్థితి కంటే మెరుగు. పైగా బీఆర్‌సీఏ లోపం ఉన్న క్యాన్సర్లపై పనిచేసే ఒలాపరిబ్ వంటి మందులు 2014 నుంచి వాడుకలో ఉన్నాయి. మీ అమ్మగారికి అవి ఎప్పటికీ అవసరం పడకూడదనే కోరుకుందాం. ఒకవేళ జబ్బు తిరగబెడితే మాత్రం ఆ పరీక్ష ఫలితం ఆమె చికిత్సకే పనికొస్తుంది. కాబట్టి పరీక్ష చేయించుకోమని అడగడం మీ స్వార్థం కాదు.

మామయ్య ప్రొస్టేట్ ఆపరేషన్‌ను మీరు పెళ్లి కబుర్ల మధ్య ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు. రోగి కుటుంబ వృక్షం గీసేటప్పుడు మీరైతే అలా దాటేవారా? ఆ ఆపరేషన్ వయసుతో పాటు వచ్చే వాపుకా, క్యాన్సర్‌కా? వాపుకైతే మరిచిపోండి. క్యాన్సర్‌కైతే కుటుంబ వృక్షంలో ఆయన గడి కూడా నింపవలసిందే, ఎందుకంటే బీఆర్‌సీఏ2 హానికరమైన మార్పులున్న మగవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈ జన్యువును ఆడవాళ్ల వ్యవహారంగా చూడడం మన ఇళ్లలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ ఉంది. అలాంటి మార్పు అమ్మగారిలో ఉంటే మీ అన్నయ్యకు కూడా అది వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది, ఆయన నుంచి ఆ ఆడపిల్లలకు కూడా.

మేనరికం మాటకు వద్దాం. మేనరికాల మీద ఉపన్యాసం ఇవ్వడం నాకిష్టం లేదు. మీ సంబంధం గురించే చెబుతాను. ఆ మార్పు హానికరమని, అమ్మగారి వైపు నుంచి వచ్చిందని తేలిందనుకోండి. అప్పుడు మామయ్యలో ఉండే అవకాశం దాదాపు రెండింట ఒకటి, బావలో నాలుగింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు వైపుల నుంచీ చెడిన ప్రతులే అందే అవకాశం నాలుగింట ఒకటి. అంటే ఆ రెండూ తేలి, బావకు ఇంకా పరీక్ష చేయకపోతే అంచనా పదహారింట ఒకటి. బీఆర్‌సీఏ2 రెండు ప్రతులూ చెడిన పిల్లలకు ఫాంకోని అనీమియా అనే ఎముక మజ్జ దెబ్బతినే జబ్బులో ఒక తీవ్రమైన రకం వస్తుంది, పసితనంలోనే క్యాన్సర్లు రావచ్చు. ఇన్ని ‘అయితే’ల తర్వాత వచ్చే మాట ఇది. అమ్మగారి పరీక్షతో మొదటి ‘అయితే’ తొలగిపోవచ్చు, బావ పరీక్షతో రెండోది. కాబట్టి ఈ సంబంధానికి ఇప్పుడు అవుననీ కాదనీ చెప్పనక్కరలేదు, కొన్ని నెలలు గడువు అడిగితే చాలు. మీకు అతనంటే ఇష్టమో కాదో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇష్టం లేకపోతే ఆ మాటే సూటిగా చెప్పండి. జన్యువును అడ్డం పెట్టుకుని సంబంధం తప్పించుకుంటే రేపు అది బంధువులందరి నోళ్లలోనూ నానుతుంది, నష్టపోయేది మీ అన్నయ్య కూతుళ్లు.

అసలు తెలుసుకోకపోతేనో అని కూడా అడగవచ్చు. తెలుసుకోకుండా ఉండే హక్కు నిజంగానే ఉంది, ఎంతోమంది ఆ దారే పట్టి క్రమం తప్పని పరీక్షలతో హాయిగా బతుకుతున్నారు. మీ విషయంలో ఇబ్బంది ఏమిటంటే మీరు సగం తెలుసుకున్నారు. దీన్ని వదిలేస్తే దాని ప్రభావం మీతోనే ఆగదు.

ఎందుకంటే ఆ శాంపిల్ ఇంకా మీ ల్యాబ్ లెక్కల్లో ఆరోగ్యవంతుల వరసలో ఉంది. తల్లికీ పిన్నికీ ఈ జబ్బులున్న మనిషి ఆ వరసలో ఉండకూడదు. ఒక మార్పు ఆరోగ్యవంతుల్లో కనిపించిందంటే అది హానికరం కాదనడానికి ఒక సాక్ష్యంగా లెక్కవేస్తారు. రేపు మీ పేపర్ చూసి ఎక్కడో ఒక ల్యాబ్, ఇదే మార్పు ఉన్న మరొక స్త్రీకి భయం లేదని రాస్తే? విద్యార్థుల రక్తం తీసుకునేటప్పుడు కుటుంబ చరిత్ర అడగకపోవడం మీ గైడ్ లోపం, చొరవ చూపవలసిన పెద్దమనిషి ఆయన. మీరు కోడ్ చూడడం కూడా నియమానికి విరుద్ధమే. రెండూ బయటకు చెప్పలేనంత ఘోరాలు కావు. మీ కుటుంబ చరిత్ర రీత్యా మీ శాంపిల్ కంట్రోల్‌గా పనికిరాదని చెబితే చాలు. ఫలితం సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే నైతిక కమిటీ దాకా వెళ్లవచ్చు, కొంత ఇబ్బంది పడతారు. చెప్పకపోయినా శాంపిల్ తీసేస్తే శాస్త్రం వరకు న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు ఉద్యోగం. నాన్నగారి ఉదాహరణతోనే మొదలుపెడదాం. భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావుగారు బోస్టన్ వెళ్లినవారే, హార్వర్డ్‌లో పనిచేసినవారే. కానీ హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. లుకేమియా పిల్లలకు తొలిసారి ఊరటనిచ్చిన అమినోప్టెరిన్, ఈనాటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ వచ్చింది ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీలో నడిపిన బృందం నుంచి. కాబట్టి కంపెనీలో పనిచేయడం సుబ్బారావుగారికి తగనిదని మాత్రం నాన్నగారు అనలేరు. ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశారు, మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పిల్లలకు ఆయన్ను ఆదర్శంగా చూపించేటప్పుడు మనవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

బోస్టన్‌కు వెళితే మీకు దొరికేది పనితనం: పెద్ద ల్యాబులు, కొత్త పద్ధతులు, పక్క గదిలోనే సలహా ఇచ్చే మనుషులు. పోగొట్టుకునేది స్థిరత్వం. పోస్ట్‌డాక్ ఏడాదికో రెండేళ్లకో పొడిగించే ఉద్యోగం, 2025 నుంచి అమెరికాలో ప్రభుత్వ పరిశోధన నిధుల కోతల వల్ల అది మరింత సన్నబడింది. వెళ్లే ముందు ఆ ల్యాబ్ గ్రాంటు ఎప్పటి వరకు ఉందో సూటిగా అడగండి, అడగడం అమర్యాద కాదు. తిరిగి వచ్చేవారికి రామలింగస్వామి ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి, కానీ అవి శాశ్వత ఉద్యోగానికి హామీ కావు. ఇక్కడి నుంచి దూరంగా పారిపోవడానికి వెళితే మాత్రం బోస్టన్‌లో కూడా మీరు ప్రతిరోజూ తెరిచేది అదే జన్యువును.

కంపెనీలో మీరు రోజుకు ఎన్నో రిపోర్టులు చదువుతారు, మార్పులను వర్గీకరిస్తారు, ప్రతిదాని వెనకా ఒక మనిషి నిర్ణయం ఉంటుంది. 42 వేల ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో నెల గడిపిన మీకు ఆ జీతం చిన్న విషయమేమీ కాదు, దాన్ని తేలిగ్గా తీసిపారేసేవారి మాట వినకండి. అయితే అక్కడ మీరు అడిగే ప్రశ్నలు మీవి కావు. మూడేళ్లయ్యాక తిరిగి విశ్వవిద్యాలయానికి రావడం కష్టమవుతుంది, పేపర్లు ఉండవు. మరొక సంగతి, మీ సొంత వీయూఎస్ లాంటివి వందల కొద్దీ రోజూ మీ కళ్లముందు ఉంటాయి. కొందరికి అది మందు, కొందరికి పుండు. మీరు ఏ కోవకు చెందుతారో పరీక్ష పూర్తయ్యాకే తెలుస్తుంది.

మీరు రాయని దారి ఒకటుంది. మన దేశంలోనే పోస్ట్‌డాక్ చేయడం: వైద్య, జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే, హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు, నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్, ఇక్కడే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు. ఆసుపత్రికి దగ్గరగా, కుటుంబాలతో నేరుగా పనిచేసే అవకాశం ఇక్కడే ఎక్కువ. వీయూఎస్‌ల చిక్కు విడదీయడానికి కావలసిన కుటుంబాలు ఉన్నది కూడా ఇక్కడే. పోటీ తీవ్రం, నిధులు ఆలస్యం, ఇది నేను దాచను.

పెళ్లంటే సైన్స్ వదులుకోవడమేనన్న మీ గైడ్ మాటకు ఈ రంగం చరిత్రే జవాబు. షికాగోలో క్రోమోజోముల పరిశోధకురాలు జానెట్ రౌలీ నలుగురు కొడుకులను పెంచుతూ ఏళ్ల తరబడి వారంలో కొన్ని రోజులే పనిచేశారు. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి భోజనాల బల్ల మీద పరచుకుంటే, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఏడిపించేవారట. 9, 22 క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకోవడం వల్ల ఒక రకం లుకేమియాలో కనిపించే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఏర్పడుతుందని 1973లో ఆమె చెప్పారు. అప్పటికి ఆమెకు 48. ఆ అవగాహన మీద వచ్చిన మందు ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది, ఆమె భర్త అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, ఇంట్లో ఆసరా ఉంది. కాబట్టి అడగవలసినది పెళ్లా సైన్సా అని కాదు. మీరు చేసుకోబోయే మనిషి మీ పనిని ఎలా చూస్తారు, ఇంటి పని ఎవరు పంచుకుంటారు అని. బావనైనా, మరొకరినైనా ఇదే అడగండి.

ఇష్టమా, భయమా? ఈ ప్రశ్నకు అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ జీవితం చూడండి. చిన్ననాటి స్నేహితురాలు క్యాన్సర్‌తో చనిపోయినప్పుడు ఆమెకు 15 ఏళ్లు. వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్ మీద ఆమె 1974లో పని మొదలుపెట్టారు. ఈ జబ్బుకు ఒక జన్యువే కారణం కాగలదంటే చాలామంది నమ్మని రోజులవి. 1981లో ఒకే వారంలో భర్త విడిచి వెళ్లారు, ఉద్యోగం ఖాయమైంది, ఇంట్లో దొంగలు పడ్డారు. అదే వారంలో చిన్న కూతురిని వెంటబెట్టుకుని గ్రాంటు ఇంటర్వ్యూకు వెళ్లారు. 17వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు (తర్వాత దీనికే బీఆర్‌సీఏ1 అని పేరు) చోటు 1990లో చూపించారు. ఆ తర్వాత జన్యువును విడదీసే పందెంలో 1994లో మరో బృందం ముందుకు దూసుకుపోయింది, ఒక కంపెనీ దాని మీద పేటెంట్లు తీసుకుంది. సహజంగా ఉన్న డీఎన్‌ఏ మీద పేటెంట్ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. 1974 నుంచి 1990 దాకా పదహారేళ్లు ఒక్క జవాబు కోసం. ఇంతకాలం మనిషిని నిలబెట్టింది ఇష్టమో, బాధో, పంతమో ఎవరు విడదీయగలరు? మీరు కూడా విడదీయనక్కరలేదు. తేల్చుకోవలసినది మరొకటి: జవాబు రాని రోజుల్లో కూడా మీకు ఆ ల్యాబ్‌కు వెళ్లాలనిపిస్తుందా? మీ సొంత నంబరుతో సంబంధం లేని ప్రశ్న ఒక్కటైనా మీకు ఆసక్తిగా ఉందా? ఉంటే ఆ ప్రశ్న ఎక్కడ దొరుకుతుందో అక్కడికి వెళ్లండి. లేకపోతే కొన్నాళ్లు జన్యువు మార్చండి, క్యాన్సర్‌లో చదవడానికి జన్యువులకు కరువు లేదు.

వరస మాత్రం నేను సూచిస్తాను. బోస్టన్ ప్రొఫెసర్‌కు రాసి చేరే తేదీని కొన్ని నెలలు వెనక్కి జరపమని అడగండి. కుటుంబంలో వైద్య అవసరం అని రాస్తే చాలు, వివరాలు అక్కరలేదు. పరీక్షకు ముందే మీ ఆరోగ్య బీమా సంగతి చూసుకోండి. అమెరికాలో జన్యు సమాచారం చూసి ఆరోగ్య బీమా, ఉద్యోగం నిరాకరించకుండా 2008లో చట్టం చేశారు, మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఫారంలో కుటుంబ చరిత్ర అడిగితే దాచవద్దు.

తర్వాత ఊరు వెళ్లి అమ్మగారితో కూర్చోండి. మీ రక్తం సంగతితో మొదలుపెడితే ఆమె తన వల్లే మీకు వచ్చిందని కుమిలిపోతారు, ఇక ఏదీ వినరు. పిన్నితో మొదలుపెట్టండి. ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం, ఆపరేషన్ జరిగిందా, కాగితాలు ఎవరి దగ్గరున్నాయి. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పెట్టి ఆసుపత్రులు కొన్నేళ్లు భద్రపరుస్తాయి. ఆ బ్లాక్ ఇంకా ఉంటే బాబాయిగారి సంతకంతో తెప్పించుకోవచ్చు, దాని నుంచి డీఎన్‌ఏ తీయడం మీకు కొత్తేమీ కాదు. ఈసారి మాత్రం ఆ పని మరో ల్యాబ్‌కు అప్పగించండి.